వెరోనికా కట్టిన ఎర్ర కార్డులు

కాంతం మాట్లాడితే రాళ్ళు కూడా కరుగుతాయని స్టీలు ప్లాంటు కాలనీ సెక్టర్ 7లో పేరు. ఆ పేరు ఆవిడకు ఊరికే రాలేదు. కూతురు వెరోనికాకు ఇరవై మూడేళ్ళు. పుట్టిన దగ్గర్నుంచి ఒక్క మాటా మాట్లాడలేదు. ఆటిజం అని డాక్టర్లు చెప్పిన నాటి నుంచి ఆ పిల్ల తరఫున మాట్లాడే పని కాంతం మీద పడింది. స్కూల్లో సీటు కోసం మాట్లాడింది, వికలాంగుల సర్టిఫికెట్ కోసం దుర్గ్ జిల్లా ఆఫీసుల్లో మాట్లాడింది, రైల్లో మొహం చిట్లించిన పక్క సీటువాళ్ళతో మాట్లాడింది, చర్చికి కొత్త ఫాదర్ వచ్చినప్పుడల్లా మాట్లాడింది. మాట్లాడగా మాట్లాడగా ఆ కథకు ఒక వరస ఏర్పడిపోయింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ కొంగు నోటికి అడ్డం పెట్టుకోవాలో ఆవిడకు తెలుసు. అది దొంగ ఏడుపని ఎవరైనా అంటే కళ్ళు పోతాయి. ఏడుపు నిజమే. కాకపోతే ఎన్నిసార్లు చెప్పినా అదే చోట వచ్చేది.

అలాంటి కాంతాన్ని ఒక ఆదివారం నిండు సభలో ఒక అమ్మాయి మధ్యలో ఆపేసింది.

‘హమ్‌రాహీ’, అంటే తోటి బాటసారి, అనే సమితిది ఆ సభ. ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులు కలిసి పెట్టుకున్న సమితి. పిల్లలని పేరే గానీ అందరూ ఇరవైలు దాటినవాళ్ళే. తండ్రుల్లో ఎక్కువమంది ప్లాంటు మనుషులు. అందరిదీ ఒకటే బెంగ, మన తర్వాత వీళ్ళను ఎవరు చూస్తారని. ఆ బెంగలోంచే నెహ్రూ నగర్‌లో ఒక హాస్టల్ లేచింది. ఎనిమిది గదులు కట్టడం అయింది, రంగులు కూడా వేశారు. దాన్ని నడిపించడానికి రాయపూర్‌లో ఒక ట్రస్టు ఒప్పుకునేలా ఉంది. కాంతం భర్త శౌరి ప్లాంటులో రైలు పట్టాలు చేసే రైల్ మిల్లులో ఎలక్ట్రీషియన్. వచ్చే ఏడు రిటైర్మెంటు, క్వార్టరు ఖాళీ చెయ్యాలి. మొన్న వేసవిలో గుండెకు స్టెంటు కూడా పడింది. ఆ ఎనిమిది గదుల్లో ఒకటి వెరోనికాకు దొరికితే చాలు, మర్నాడే తను పోయినా ఫరవాలేదని కాంతం అనుకుంటోంది.

ట్రస్టువాళ్ళ ముందు ఏం చెబుతుందో ఒకసారి చెప్పి చూపించమని సమితి సెక్రటరీ గురునాథరావు అడిగాడు. కాంతం మైకు తీసుకుంది. కథ మొదలుపెట్టి, పదిహేనేళ్ళ పిల్ల పక్క తడిపితే తల్లి ఏం చేస్తుందో చెప్పే చోటికి వచ్చింది. సరిగ్గా కొంగు నోటి దగ్గరికి వెళ్ళే చోటు అది.

“ఆంటీ, ఆ మాట చెప్పొద్దు. ఆమె ఇక్కడే కూర్చుంది.”

మూడో వరసలో నిలబడ్డ ఆ అమ్మాయి పేరు శ్రీవిద్య. ప్లాంటులో పెద్ద ఇంజనీరుగా చేసి రిటైరైన దక్షిణామూర్తి గారి కూతురు. ముప్ఫైకి ఒకటి తక్కువ. కంప్యూటరు ఉద్యోగం, ఇంట్లోంచే చేస్తుంది. తనకూ ఆటిజం ఉందని మూడేళ్ళ క్రితం తెలిసింది. తెలిసి ఏడవాల్సింది పోయి, నేనేమిటో నాకు ఇప్పటికి అర్థమైందని వీధిలో మిఠాయి పంచిందట. ఎవరి మొహంలోకీ చూడదు, ఎవరైనా ముట్టుకుంటే పడదు. జనం ఉన్నచోట చెవులకు పెద్ద హెడ్‌ఫోను తగిలించుకుంటుంది. చెప్పదల్చుకున్నది మాత్రం కత్తితో కోసినట్టు చెబుతుంది.

“ఏ మాట?” అంది కాంతం, నిజంగానే అర్థంకాక.

“పక్క తడిపిన మాట. మీ గురించి ఎవరైనా మైకులో అలా చెబితే మీకెలా ఉంటుంది? ఇంకోటి. హాస్టల్ గురించి ఇంతమంది మాట్లాడారు. అందులో ఉండబోయేవాళ్ళని ఒక్కర్నైనా అడిగారా? మా గురించి మమ్మల్ని అడక్కుండా మీరే ఫైసలా చేసేస్తే ఎలా?”

“మా గురించి అంటన్నావేటి?” కాంతం గొంతు లేచింది. “నువ్వు మాలో ఎప్పుడు కలిసావమ్మా? నీకు ఉద్దోగం ఉంది. స్కూటీ మీద సివిక్ సెంటర్‌కి ఎల్లి ఐస్‌క్రీం తినొస్తావు. నా పిల్ల దాహమేస్తే నీళ్ళని అడగలేదు. ఇరవై మూడేళ్ళు రాత్రీ పగలూ చూసిందాన్ని నేను. డాక్టరు నీకూ దానికీ ఒకటే పేరెట్టేస్తే నువ్వూ అదీ ఒకటైపోతారేటి?”

“ఒకటి కాదు ఆంటీ. కానీ మీకంటే నేను కొంచెం దగ్గర. శబ్దం ఎక్కువైతే లోపల ఏమవుతుందో మీకు తెలీదు. నాకు తెలుసు.”

“నీకేటవుతాదో నీకు తెలుసు. దానికేటవుతాదో దాన్ని అడిగావా?”

సభలో సగంమంది కాంతానికి చప్పట్లు కొట్టారు, మిగతావాళ్ళు నేలచూపులు చూశారు. వెనక వరసలో వెరోనికా దారం ముక్క వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. ఇంత గొడవా ఆమె గురించే అయినా, ఆ పది నిమిషాల్లో ఆమె వైపు తల తిప్పినవాళ్ళు లేరు.

మూడో రోజున గురునాథరావు ఫోన్ చేశాడు. ఆటిజం ఉన్నవాళ్ళను నాలుగు గోడల్లో పెట్టే పనికి సాయం చెయ్యొద్దని శ్రీవిద్య ట్రస్టుకు ఉత్తరం రాసిందట. ట్రస్టు పెద్ద మీనాక్షి గారు వచ్చే ఆదివారం స్వయంగా వచ్చి, ఇరువైపులా విని అక్కడికక్కడే తేలుస్తానన్నారట. “ఇక నీదే భారం కాంతమ్మా, నువ్వు మాటాడాల్సిందే” అన్నాడు. కాంతం ఆ పిల్లను, ఆ పిల్ల చదువును, ఆ పిల్లకు స్కూటీ కొనిచ్చిన తండ్రిని కలిపి తిట్టింది. కాంతం మాట్లాడే ఇంట్లో ఇంకొకరికి మాటలు మిగలవని శౌరి పెళ్ళయిన కొత్తలోనే గ్రహించాడు.

శుక్రవారం సాయంత్రం కాంతం వంటింట్లో పచ్చడికి వేరుశనగలు వేయిస్తూ, ఆదివారం చెప్పాల్సింది గోడకు అప్పజెబుతోంది. ‘కారణం లేకుండా అరుస్తాది. కారణం లేకుండా చెయ్యి కొరుక్కుంటాది…’ అంతలో తలుపు చప్పుడైంది. తీస్తే శ్రీవిద్య.

“ఆంటీ, మీరు అన్నది కరెక్టు. నేను ఆమెను అడగలేదు. అడక్కుండానే ఉత్తరం రాసేశాను. తప్పు నాదే. అందుకని కలవడానికి వచ్చాను.”

తప్పు ఒప్పుకునేవాళ్ళు ఇలా గుమ్మంలో నిలబడి హాజరు పలికినట్టు పలుకుతారా అని కాంతానికి ఒళ్ళు మండింది. అయినా ఇంటికొచ్చిన ఆడపిల్లను గుమ్మంలోంచి తిప్పి పంపడం వాళ్ళ ఇంటా వంటా లేదు. “రా, కూకో” అంది, కూర్చోకపోతే బాగుండునన్న గొంతుతో.

వెరోనికా ముందు గదిలో నేల మీద, బిస్కెట్ల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. డబ్బా నిండా ఎర్ర కార్డులు. మిల్లులో పాతబడి పారేసే అట్టలవి, కన్నంలో తాడుతో సహా. తొమ్మిదేళ్ళప్పుడు ఆ తాళ్ళంటే ఇష్టపడుతోందని శౌరి తెచ్చిచ్చాడు. అప్పట్నుంచీ అవే ఆమె ఆస్తి. ఇంట్లో ఏదో ఒక వస్తువుకు కట్టడం, కాంతం దాన్ని విప్పి డబ్బాలో పడెయ్యడం పద్నాలుగేళ్ళుగా నడుస్తోంది.

శ్రీవిద్య హెడ్‌ఫోను తీసి పక్కన పెట్టి, వెరోనికాకు రెండు మూరల దూరంలో నేల మీదే కూర్చుంది. నమస్తే అనలేదు, పేరు పెట్టి పిలవలేదు, బుగ్గ నిమరలేదు. పావుగంట అలాగే ఉంది. వచ్చింది అడగడానికి కదా, ఈ మౌనవ్రతం ఏమిటని కాంతం వంటింట్లోంచి తొంగిచూసింది. వెరోనికా మాత్రం కొత్త మనిషి వస్తే లోపలి గదిలోకి పోయే పిల్ల, కదలకుండా కూర్చునే ఉంది.

వేరుశనగలు చల్లారాయి. కాంతం మిక్సీ దగ్గరకు వెళ్ళింది. దాని తీగకు ఎర్ర కార్డు వేలాడుతోంది. చేతికి అలవాటైన పనే కాబట్టి చూడకుండానే ముడి విప్పి, కార్డు గట్టు మీద పడేసి, స్విచ్చి వేసింది. మిక్సీ గుర్రుమంది. ముందు గదిలోంచి ఒక అరుపు లేచింది. కాంతం మిక్సీ ఆపి వెళ్ళి చూస్తే వెరోనికా మణికట్టు పళ్ళ మధ్య పెట్టుకుని ముందుకూ వెనక్కూ ఊగుతోంది. పాత పంటిగాట్ల మీద కొత్త గాటు.

“చూసావా? కళ్ళారా చూసావా?” కాంతం ఆ చెయ్యి విడిపించబోయింది. “ఇదే నేను సభలో చెప్పేది. కారణం లేదు, కార్యం లేదు…”

“మీరు కార్డు విప్పేశారు కదా ఆంటీ.”

“ఏ కార్డు? అదా? అది దాని ఆట.”

“ఇంకా వేటికి కడుతుంది?”

“దేనికి కట్టదో అడుగు. మిక్సీకి, కుక్కరుకి, ఆకుపచ్చ చుడీదారుకి, సన్నపళ్ళ దువ్వెనకి. మా ఆడపడుచు చిన్నమ్మలు వస్తే ఆవిడ చెప్పులక్కూడా కట్టేస్తాది. రోజూ పొద్దున్న లేచి ఇప్పుకోడమే నా పని.”

ఆ మాటల మధ్యలోనే శౌరి డ్యూటీ నుంచి వచ్చి, గుమ్మంలో బూట్లు విప్పుకుంటున్నాడు. శ్రీవిద్య అతని మొహం వైపు కాకుండా బూట్ల వైపు చూస్తూ అడిగింది. “అంకుల్, మిల్లులో ఈ కార్డు దేనికి కడతారు?”

“షట్‌డౌన్‌కమ్మా. మోటారు రిపేరుకి దిగేముందు కరెంటాపేసి స్విచ్చికి కడతాం. లోపల మనిషున్నాడు, ముట్టుకోవద్దని.”

“ఎవరు విప్పాలి?”

“కట్టినోడే ఇప్పాలి. ఫోర్‌మన్ గాదు, జీఎం వచ్చినా సరే, ముట్టుకోడానికి లేదు. ఇంకోడెవడైనా ఇప్పేసి స్విచ్చి ఏస్తే…”

శౌరి వంటింటి గట్టు మీద పడి ఉన్న కార్డును చూశాడు. కూతురి మణికట్టు చూశాడు. ఒక బూటు కాలికి, ఒకటి చేతిలో ఉండగానే లోపలికి నడిచాడు.

“ఇంకోడు ఇప్పితే మనిషి పోతాడమ్మా” అన్నాడు మెల్లగా.

అతనికి ఒక్కసారిగా గుర్తొచ్చింది. చాదస్తం మనిషి, ఇంట్లో ఫ్యూజు మార్చాలన్నా మెయిన్ స్విచ్చి దగ్గర కార్డు కట్టేవాడు. పక్కనే నిలబడి చూసే పిల్లకు చెప్పేవాడు. ‘వెరూ, లోపల నాన్నున్నాడు. నేనే వచ్చి ఇప్పాలి. ఎవరూ ముట్టుకోకూడదు.’ జవాబు రాదని తెలిసి, గాలికి చెప్పినట్టు చెప్పిన మాటలు. అవి గాలికి పోలేదు.

కాంతం మొదట నమ్మలేదు. ఇద్దరూ కలిసి తనను తప్పుపట్టడానికి ఏదో అల్లుతున్నారనుకుంది. కానీ చేతులు ఆవిడ మాట వినలేదు. వెళ్ళి మిక్సీ ప్లగ్గు పీకి, పడేసిన కార్డు తీసి, తీగకు మళ్ళీ కట్టింది. కట్టి పక్కకు జరిగి నిలబడింది. ఒక నిమిషం గడిచింది, ఇంకొకటి గడిచింది. ఊగడం తగ్గింది. వెరోనికా లేచి వంటింట్లోకి వచ్చింది. తల్లి వేసిన ముడిని వేలితో తడిమి చూసి, అది నచ్చక విప్పేసి, తన ముడి తను వేసుకుంది. గట్టి ముడి, ఎలక్ట్రీషియన్లు వేసే ముడి.

సింకు కింద మూలన పెట్టిన చిన్న రోలు ఉంది. కాంతం దాన్ని ముందుకు లాగి, కడిగి, వేరుశనగలూ మిరపకాయలూ వేసి చేత్తో నూరడం మొదలుపెట్టింది. నూరడం ఎంతకీ కాలేదు. వెరోనికా వచ్చి రోటి పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పచ్చడి చేసే వేళకు ఈ పిల్ల వంటింటి గడప తొక్కి ఎన్నేళ్ళయిందో.

కాంతానికి భయం వేసింది. గుడిసెలో దీపం దగ్గర కూర్చున్న మరియమ్మ తల్లికి దేవదూత కనబడినప్పుడు మొదట భయమే వేసిందని ఫాదర్ చెబుతుంటే, శుభవార్తకు భయమెందుకని ఆవిడ చాలాసార్లు అనుకుంది. ఇప్పుడు తెలిసింది ఎందుకో. తన ఇంట్లో, తన పక్కన, ఇన్నేళ్ళూ ఒక నిండు మనిషి కూర్చుని ఉంది. చూసింది, విన్నది, ఒక న్యాయం నేర్చుకుంది, దాన్ని ఒక్కరోజు తప్పకుండా పాటించింది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈ పిల్ల పద్నాలుగేళ్ళుగా రోజూ అడుగుతూనే ఉంది. అమ్మే పొద్దున్నే లేచి ముడులు విప్పుతూ వచ్చింది. చుడీదారు మెడ దగ్గర లేసు గుచ్చుకునేదేమో. దువ్వెన లాగేదేమో. చిన్నమ్మలు వదిన ఈ పిల్ల బుగ్గలు గిల్లేది, అందరూ నవ్వేవాళ్ళు. కాంతం రోలు వదిలేసి కూతురి మణికట్టు పట్టుకుని ఏడ్చింది. ఈ ఏడుపు ఎప్పుడూ వచ్చే చోట రాలేదు.

“ఆదివారం హాస్టల్‌కి ఈమెను తీసుకురండి ఆంటీ. కార్డుల డబ్బా కూడా” అంది శ్రీవిద్య.

కాంతం కళ్ళు తుడుచుకుంది. “గేటుకి కట్టేస్తే?”

“కట్టేస్తే హాస్టల్ వద్దన్నట్టు” అన్నాడు శౌరి.

“మరి మన తర్వాతో?”

కాంతం శ్రీవిద్య వైపు తిరిగింది. “చెప్పమ్మా. ఉత్తరాలు రాసేదానివి. మేం పోయాక దీనికి అన్నం ఎవరెడతారు?”

“నాకు తెలీదు ఆంటీ” అంది శ్రీవిద్య. ఆ పిల్ల నోట ఆ మాట కాంతం మొదటిసారి విన్నది. “నిజంగా తెలీదు. కానీ ఆమె వద్దంటే, వద్దన్నదని తెలిసి మాట్లాడుకుందాం.”

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక ముగ్గురూ నెహ్రూ నగర్ వెళ్ళారు. హాస్టల్ ముందు షామియానా, కుర్చీలు, మైకు. సమితి మొత్తం వచ్చింది. మీనాక్షి గారు జరీ అంచు నేత చీరలో, చేతిలో శ్రీవిద్య ఉత్తరం పట్టుకుని ముందు వరసలో కూర్చున్నారు. కాంతం ఆవిడకు నమస్కారం పెట్టి, మాట్లాడే ముందు మా అమ్మాయిని ఒకసారి లోపలికి తిప్పుతామని అడిగింది. మీనాక్షి గారు తనూ లేచారు. ఆవిడ లేస్తే సమితి ఊరుకుంటుందా, అందరూ వెనకే లేచారు.

గేటు దగ్గర కాంతం డబ్బా వైపే చూస్తూ నిలబడింది. వెరోనికా గేటు ఊచల్ని ఒక్కొక్కటీ తాకింది. వాచ్‌మన్ కుర్చీ చూసింది. డబ్బా తెరవకుండానే లోపలికి నడిచింది. కాంతం మరియమ్మ తల్లికి మనసులోనే దండం పెట్టుకుంది. హాల్లో గోడకు కరెంటు గంట ఉంది, పొద్దున్నే లేపడానికి. వెరోనికా దాని కింద నిలబడి పైకి చూసి, డబ్బాలోంచి ఒక కార్డు తీసి, గంట తీగకు కట్టింది. వెనక ఎవరో ముసిముసిగా నవ్వారు. శౌరి వాళ్ళకు నాలుగు ముక్కల్లో సంగతి చెప్పాడు. నవ్వు ఆగిపోయింది.

వంటిల్లు చూసింది. స్నానాల గదిలో కుళాయి తిప్పి, నీళ్ళు చేతి మీద పోనిచ్చి, మూసేసింది. తర్వాత గదులు. మూడు గదులు బయటినుంచే చూసి, నాలుగో దాంట్లోకి వెళ్ళింది. కిటికీలోంచి వేపచెట్టు కొమ్మ కనబడుతోంది. మంచం మీద కూర్చుంది. రెండు చేతులతో పరుపు నొక్కి చూసింది. కాళ్ళు పైకి పెట్టుకుంది. అలా చాలాసేపు కూర్చుంది. కాంతం శ్రీవిద్య వైపు చూసింది. శ్రీవిద్య మొహం పాలిపోయి ఉంది. ఈ మంచం మీద కూర్చుని ఉండే వెరోనికా ఆమె ఉత్తరంలో ఎక్కడా లేదు.

గెలిచానని కాంతం అనుకునేలోపల వెరోనికా లేచింది. గుమ్మం దాటి బయటికొచ్చి, తలుపు దగ్గరకు వేసి, దాన్ని పైనుంచి కిందికి చూసింది. తలుపుకు బయటివైపు గడియ ఉంది. ఇనుప గడియ, కొత్తది, తాళం కప్ప పెట్టడానికి కొండీతో సహా. వెరోనికా దాన్ని ఒకసారి అటూ ఇటూ జరిపింది. కార్డు తీసి కట్టింది.

ఆ గడియలు పెట్టించింది కాంతమే. రెండేళ్ళ క్రితం వెరోనికా ఒక్కతే నడుచుకుంటూ పెద్ద రోడ్డు మీదికి వెళ్ళిపోతే, ఎవరో లారీ డ్రైవరు పట్టుకుని ఆపాడు. ఆ భయంతో సమితిలో పట్టుబట్టి, పోట్లాడి, ప్రతి తలుపుకూ బయట గడియ పెట్టించింది. ఇంట్లో కూడా, బజారుకు వెళ్ళేటప్పుడు, గది తలుపుకు అలాంటిదే వేసి వెళ్ళేది. ఆ గడియకు లోపలివైపు నుంచి కార్డు కట్టడం ఎవరికీ కుదరదు.

వెరోనికా అయిదో గదికి నడిచింది. దాని గడియకూ కట్టింది. ఆరో దానికి. ఏడో దానికి. ఎనిమిదో దానికీ కట్టాక వెనక్కు తిరిగి మొదటి మూడింటికీ కట్టింది. ఎనిమిది తలుపులకు ఎనిమిది ఎర్ర కార్డులు. వరండాలో నలభై మంది చూస్తున్నారు.

“సరే, సరే, చూశాం కదా” అంటూ గురునాథరావు ముందుకొచ్చాడు. మంచివాడే, కాకపోతే సభ ఆలస్యమవుతోందని ఆయన గొడవ. “ఫోటోలు తీసేవాళ్ళున్నారు, ఇవి తీసేద్దాం. తర్వాత కావలిస్తే మళ్ళీ కట్టుకుంటుంది.” మొదటి తలుపు కార్డు మీద చెయ్యి వేశాడు.

“సార్” అన్నాడు శౌరి. పెళ్ళయినప్పట్నుంచి కాంతం ఆ గొంతు వినలేదు. “అది మీరు కట్టింది కాదు.”

గురునాథరావు ముప్ఫై అయిదేళ్ళు ప్లాంటులో చేసినవాడు, అందులో పదిహేనేళ్ళు ఫోర్‌మన్. ఆయన చెయ్యి కార్డు మీదే ఉంది, ఆగిపోయింది. ఇంకొకడు కట్టిన కార్డు ముట్టుకున్నందుకు ఆయనే మనుషుల్ని గేటు బయటికి పంపించి ఉన్నాడు. నిప్పును ముట్టుకున్నవాడిలా చెయ్యి వెనక్కు తీసుకున్నాడు. తల మీది టోపీ కూడా తీసి చేత పట్టుకున్నాడు, ఎందుకు తీశాడో ఆయనకే తెలియదు. “తప్పయిపోయిందమ్మా” అన్నాడు వెరోనికాతో. ఇన్నేళ్ళలో ఆయన ఆ పిల్లతో మాట్లాడిన మొదటి మాట అది. ఆయన వెనక ఉన్న తండ్రులంతా, కొలిమి దగ్గర పనిచేసినవాళ్ళూ, క్రేన్లు తోలినవాళ్ళూ, ఒక అడుగు వెనక్కు వేశారు. ఎవరూ చెప్పలేదు. ఆ కార్డు ముందు అలా వెనక్కు వెయ్యడం వాళ్ళ కాళ్ళకు తెలుసు.

శౌరి జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు. నాలుగో గది తలుపు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, కార్డుకు చెయ్యి తగలకుండా, ఒక్కో స్క్రూ విప్పాడు. గడియ ఊడి వచ్చింది, కార్డు దానికే వేలాడుతోంది. అలాగే తీసుకెళ్ళి కూతురి అరచేతిలో పెట్టాడు. “పని అయిపోయింది వెరూ. నువ్వే ఇప్పాలి.”

వెరోనికా గడియను తిప్పి చూసింది. తలుపుకు మిగిలిన కన్నాల్లో వేలు పెట్టి చూసింది. అప్పుడు తన ముడి తను విప్పుకుని, కార్డు డబ్బాలో వేసుకుని, వట్టి గడియ తండ్రికి తిరిగిచ్చింది.

ఎనిమిది తలుపులకూ అలాగే జరిగింది. ఇద్దరు ముగ్గురు తండ్రులు ఇళ్ళకు పోయి పనిముట్లు తెచ్చారు. రోడ్డు భయం ఉన్నవాళ్ళ కోసం గేటు దగ్గర రెండో వాచ్‌మన్ ఉండాలని అక్కడే నిలబడి అనుకున్నారు. గేటును వెరోనికా వద్దనలేదని వాళ్ళలో వాళ్ళే సాక్ష్యం చెప్పుకున్నారు. శ్రీవిద్య మీనాక్షి గారి దగ్గరకు వెళ్ళి ఉత్తరం ఇచ్చెయ్యమని అడిగింది. “నేను హాస్టల్ వద్దని రాశాను. ఆమె గడియ వద్దంది, గంట వద్దంది. మంచం వద్దనలేదు. ఆమె మాట ఆమెకంటే ముందు నేనే చెప్పేశాను. మళ్ళీ రాస్తాను. కానీ మిగతా ఏడుగుర్నీ ముందు అడగాలి. వాళ్ళు కార్డులు కట్టరు. ఇంకేదో చేస్తుంటారు. వాళ్ళ ఇళ్ళకెళ్ళి చూడాలి.” కాంతం అది విని ఆ పిల్ల నెత్తి మీద చెయ్యి వెయ్యబోయింది. శ్రీవిద్యకు ముట్టుకుంటే పడదని గుర్తొచ్చి చెయ్యి దించేసుకుంది.

మైకులో కాంతం పేరు ఎవరూ పిలవలేదు. షామియానా కింద కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. అందరూ వరండాలో ఉన్నారు. మీనాక్షి గారు నాలుగో గది గుమ్మం దగ్గరకు వచ్చారు. లోపల వెరోనికా మళ్ళీ మంచం మీద కూర్చుని వేపకొమ్మను చూస్తోంది.

“అమ్మా, ఒక్కటి చెప్పండి” అన్నారు మీనాక్షి గారు కాంతంతో. “మీ అమ్మాయికి ఇక్కడ ఉండటం ఇష్టమేనంటారా?”

ఇరవై మూడేళ్ళ అలవాటు. జవాబు కాంతం నాలుక చివరిదాకా వచ్చింది. కొంగు కూడా చేతిలోకి వచ్చింది. ఆవిడ ఆ జవాబును గుటక వేసి మింగింది.

“నన్నడుగుతారేటండీ? అదిగో, దాన్ని అడగండి. టైం పడతాది. కూకోండి.”

మీనాక్షి గారు చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి, ఆ మంచానికి కొంచెం దూరంగా, నేల మీద కూర్చున్నారు.